జమ్ము మడుగులో తెడ్డు చప్పుడు

చీకటి పడ్డాక జమ్ము మడుగు పేరెత్తకూడదంటారు. ఎత్తితే ఏమవుతుందయ్యా అని అడిగితే ఒక్కరూ తిన్నగా చెప్పరు. "నీకెందుకు, ఎత్తకు" అంటారు, అంతే.

సరస్సు నీళ్ళు ఒక మూల నేలలోకి చొచ్చుకొచ్చిన చోట ఉంటుంది ఆ మడుగు. చుట్టూ నిలువెత్తు జమ్ము గడ్డి. లోపలికి పోయే దారి సరిగ్గా ఒక పడవ పట్టేంత. ఎదురుగా ఇంకో పడవ వస్తే ఎవరో ఒకరు జమ్ములోకి ఒత్తిగిలాల్సిందే. పగలు చూస్తే మాత్రం ముచ్చటైన చోటు. గాలి జొరబడదు, అల లేవదు, మొదళ్ళలో నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి.

రాత్రిళ్ళు... అందులోనూ చేపలు గుడ్లు పెట్టే నెలల్లో... ఆ వైపు పడవ తిప్పిన మగాడు లేడు.

ఎందుకంటే అక్కడ దీపం కనిపిస్తుంది. మసగ్గా, నీళ్ళకి జానెడు పైన. కాసేపు కదులుతుంది, కాసేపు ఆగుతుంది. దాని వెంటే చప్పుడు.

టక్... టక్... కాస్త ఆగి — ఇంకో టక్.

వలల షెడ్డులో కూర్చుంటే ఆ మడుగు కథలకి కొదవలేదు. ఒకడు ఆ చప్పుడు విని పడవ అక్కడే వదిలేసి ఈదుకుంటూ వచ్చాడట. ఒడ్డెక్కాక గుర్తొచ్చిందట, తనకి ఈత రాదని. చెప్పేవాడికి వినేవాడు లోకువ. అందరూ నవ్వుతారు. కానీ ఆ నవ్వుని ఎవరూ ఎక్కువసేపు సాగదీయరు. పడవల మేస్త్రి అయితే ఈ కథలు మొదలవగానే తువ్వాలు దులుపుకుని లేచిపోతాడు.

ఎందుకంటే ఆ దెయ్యం ఎవరో అందరికీ తెలుసు. అది చిన్నోడి అన్న.

చిన్నోడంటే కుర్రాడనుకునేరు. జుట్టు నెరిసింది, మెట్లెక్కితే మోకాళ్ళు కలుక్కుమంటాయి. అయినా రేవులో అందరికీ చిన్నోడే. అన్న పోయి ఏళ్ళు గడిచినా అన్న పెద్దోడే, తమ్ముడు చిన్నోడే. ఆ పేరు పిలిచినప్పుడల్లా రెండో పేరు కూడా గాల్లో వినిపిస్తుందని అతనికి ఒక బాధ.

ఇక్కడ ఆ రేవు కట్టుబాటు ఒకటి చెప్పాలి. ఆ సరస్సు మీద పొగమంచు ఎప్పుడు దిగుతుందో ఎవరికీ తెలియదు. దిగిందంటే పట్టుకున్న తెడ్డు చివర కూడా కనబడదు. లాంతరు ఎత్తినా మొహం చుట్టూ తెల్లగోడ కట్టినట్టుంటుంది తప్ప ప్రయోజనం లేదు. అందుకని తాతల కాలం నుంచీ ఒక పద్ధతి. మంచులో చిక్కుకున్నవాడు తెడ్డు కర్రతో పడవ అంచు మీద కొడతాడు. విన్నవాళ్ళు బయటికొచ్చి, తమ రేవు గుంజ మీద జవాబు కొట్టాలి. ఇంటికో రకం దెబ్బ. వినగానే ఎవరి పడవో తెలిసిపోతుంది.

ఒక్క ఇల్లు కొడితే చాలదు. మంచులో ఒంటరి చప్పుడు దిక్కు చెప్పదు. కుడి నుంచి వచ్చినట్టూ ఉంటుంది, వెనక నుంచి వచ్చినట్టూ ఉంటుంది. వరసన ఇళ్ళన్నీ కొడితేనే ఒడ్డు ఎక్కడ మొదలై ఎక్కడ మలుపు తిరుగుతుందో చెవికి కనిపిస్తుంది. కాబట్టి పగవాడి దెబ్బకైనా జవాబు కొట్టి తీరాలి. తెల్లారాక మళ్ళీ తన్నుకోవచ్చు, అందుకేం అభ్యంతరం లేదు.

చిన్నోడి ఇంటి దెబ్బ — రెండు నిదానంగా, కాస్త ఆగి, మూడోది గట్టిగా. తండ్రి నుంచి అన్నదమ్ములిద్దరికీ సమానంగా వచ్చిన ఆస్తి అదొక్కటే.

పెద్దోడు బతికున్న రోజుల్లో సరస్సులో చేపలు తగ్గిపోతూ వచ్చాయి. చేపలు తగ్గేకొద్దీ వల కన్ను చిన్నదైంది. కన్ను చిన్నదయ్యేకొద్దీ చేపలు ఇంకా తగ్గాయి. ఆఖరికి చిటికెన వేలు కూడా దూరని వలలు దిగాయి. పిత్తపరిగెల్ని కూడా ఊడ్చుకొచ్చి, "ఇవాళ బాగానే పడ్డాయిలే" అని తమకి తామే చెప్పుకునేవారు.

ఒకరోజు పెద్దోడు షెడ్డులో అందరి ముందూ లేచి నిలబడ్డాడు.

"గుడ్లు పెట్టే నెలల్లో జమ్ము మడుగు వదిలేద్దాం. ఎక్కడెక్కడి చేపా గుడ్లకి అక్కడికే వస్తుంది. అక్కడ కూడా వల వేస్తే, కూర్చున్న కొమ్మని మనమే నరుక్కున్నట్టు. ఆ కాస్త చోటు... ఆ కాస్త కాలం... అంతకంటే నేనేం అడగట్లేదు."

"మేం వదిలేస్తే పక్కోడు పట్టుకుపోతాడు" అన్నాడొకడు.

"సరస్సేమన్నా మీ నాన్నదా?" అన్నాడింకొకడు.

షెడ్డంతా నవ్వింది. చిన్నోడు అక్కడే ఉన్నాడు. ఆ నాన్న అతనికీ నాన్నే. అయినా నోరు విప్పలేదు, తల వంచుకుని వల దారం తెంపుతూ కూర్చున్నాడు.

పెద్దోడు మొండి ఘటం. మాట చెల్లకపోతే కత్తి తీశాడు. మడుగులో వేసిన వలల్ని రాత్రికి రాత్రి కోసేశాడు, పట్టుబడ్డాడు. వల కోయడమంటే కంచం లాక్కోవడమే కదా. మళ్ళీ అందరూ షెడ్డులో చేరారు. కొట్టలేదు, తిట్టలేదు. "బుద్ధి వచ్చేదాకా వాడి దెబ్బకి ఎవరూ జవాబు కొట్టొద్దు" అనుకున్నారు. ముందు ఆ మాట అన్నదెవరో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. తిలా పాపం తలా పిడికెడు.

ఆ తర్వాత ఎంతో కాలం పట్టలేదు... మంచు దిగింది.

టక్... టక్... కాస్త ఆగి — టక్.

ప్రతి ఇంట్లోనూ వినబడింది. ప్రతి ఇంట్లోనూ దీపం ఉంది, మనిషి మేలుకునే ఉన్నాడు. ఒడ్డు నుంచి ఒకే ఒక్క జవాబు వెళ్ళింది, చివరింటి నుంచి. అది పెద్దోడి పెళ్ళాం కొడుతున్న దెబ్బ. ఒక్కత్తే... ఆగకుండా... మొగుడి తెడ్డుకి జవాబుగా.

చిన్నోడు తెడ్డు చేతిలోకి తీసుకుని గుమ్మం దాకా వచ్చాడు. పెళ్ళాం చెయ్యి పట్టుకుంది. "ఇవాళ నువ్వు కొడితే, రేపు నీ దెబ్బకి ఎవరు కొడతారు?"

ఎవరో ఒకళ్ళు కొడతారులే అనుకున్నాడు చిన్నోడు. మనం కాకపోతే పక్కింటివాళ్ళు. ఇంకాసేపట్లో. ఆ రాత్రి ప్రతి గుమ్మంలోనూ ఒకడు తెడ్డు పట్టుకుని సరిగ్గా అలాగే అనుకున్నాడు.

తెల్లవారుజామున నీళ్ళ మీది చప్పుడు ఆగిపోయింది. చివరింటి చప్పుడు మాత్రం మంచు విడిపోయేదాకా ఆగలేదు. పడవ జమ్ము మడుగులో ఇరుక్కుని దొరికింది. అందులో తెడ్డు లేదు, మనిషీ లేడు.

మరుసటి ఏడు, చేపలు గుడ్లకి చేరే వేళకి, మడుగు వైపు దీపం కనబడింది. ఆ దెబ్బే వినబడింది. రెండు నిదానంగా, కాస్త ఆగి, ఇంకొకటి. అప్పుడే మడుగులో వలలేసి కూర్చున్నవాళ్ళు వలలు వదిలేసి వచ్చారు. మళ్ళీ ఆ దరికి పోలేదు.

అలా ఏళ్ళు గడిచాయి. మిగతా నెలల్లో వలలు బరువెక్కాయి. జనం మర్చిపోయిన చేపలు కూడా మళ్ళీ షెడ్డు గచ్చు మీద ఎగిరిపడ్డాయి. సరస్సు చల్లగా చూసిందన్నారు. మారాం చేసే పిల్లల్ని మాత్రం, "పెద్దోణ్ణి పిలవమంటావా? తెడ్డేసుకుని వస్తాడు" అని బెదిరించి పడుకోబెట్టేవారు.

చివరింట్లో వదిన మాత్రం అలాగే ఉంది. రేవులో అందరి వలలూ ఆమే అల్లుతుంది, ఆమే బాగుచేస్తుంది. కన్ను చిన్నగా అల్లమని ఎవరైనా అడిగితే, "చిన్న కన్ను నాకు ఆనదు నాయనా, చూపు తగ్గింది" అంటుంది. ఆ చూపుతోనే సూదిలో దారం ఒక్క ఊపున ఎక్కిస్తుంది. ఎవరూ ఎదురు మాట్లాడరు. చీకటి పడకముందే తలుపు వేసేసుకుంటుంది, ఇంట్లో దీపం పెట్టదు. మొగుడి చప్పుడు వినలేక కాబోలు అనుకునేవాడు చిన్నోడు. ఆ రాత్రి సంగతి ఆమె ఒక్కసారీ అడగలేదు. కనబడితే "కాఫీ తాగి పో చిన్నా" అంటుంది. తిడితే బావుండేది. ఆ కాఫీ గొంతు దిగేది కాదు.

పెద్దోడి పడవ ఆమె ఇంటి వెనక గుంజకి కట్టేసి ఉంటుంది. ఎవరూ ఎక్కినట్టు కనబడదు. కానీ పడవల మేస్త్రి ఏటా వచ్చి దానికి తారు పూసి పోతాడు.

"ఎవరూ ఎక్కని పడవకి తారెందుకు మామా?" అని అడిగాడొకసారి చిన్నోడు.

"చెక్క ఊరుకోదురా" అన్నాడు మేస్త్రి, తల ఎత్తకుండా.

ఇక అసలు కథ. ఆ ఏడు చిన్నోడి పడవ పోయింది. ఒక్కసారిగా కాదు, అడుగు చెక్కలు ఒక్కొక్కటే పుచ్చిపోయాయి. మేస్త్రి బోర్లించి సుత్తితో కొట్టి చూసి, "ఇది పడవ కాదురా, జల్లెడ" అన్నాడు. కొత్తది చేయించుకునే తాహతు లేదు. పడవ లేకపోతే ఈ వయసులో ఇంకొకడి పడవలో తాడు లాగే కూలీగా పోవాలి. నిన్నటిదాకా తన వెనక నిలబడ్డవాళ్ళ ముందు నిలబడి "పనుందా బాబూ" అని అడగాలి. అది తలుచుకుంటే అతనికి నిద్ర పట్టేది కాదు.

సరిగ్గా అప్పుడే, రేవులో చేపలు కొని పట్నానికి తోలే ఐసు లారీ ఆయన చల్లగా పక్కన చేరాడు.

"గుడ్లున్న చేపకి పట్నంలో ఎగబడుతున్నారు. ఒక్క పడవ నిండా తెచ్చిపెట్టు, నీ కొత్త పడవ సంగతి నేను చూసుకుంటా. ఎక్కడుంటాయో నీకు తెలుసుగా?"

"అక్కడ... మా అన్న..."

"దెయ్యమా? ఎదురొస్తే దాన్ని కూడా పట్టుకురా. ఐసు వేసి పంపిద్దాం, చెడిపోదు."

తనే ఒక వల కూడా ఇచ్చాడు. కొత్తది, సన్న కన్నుది. చేతిలోకి తీసుకుంటే వలలా లేదు, గుడ్డలా ఉంది.

ఆ రాత్రి పెళ్ళాం గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆమెకీ జుట్టు నెరిసింది.

"వెళ్ళకు. ఆ రాత్రి నిన్ను ఆపాను... ఆపకుండా ఉండాల్సింది. ఇప్పుడు ఆపుతున్నాను, ఈసారన్నా నా మాట మంచిదవనీ."

"ఒక్క రాత్రేనే" అన్నాడు చిన్నోడు. ఆమెని తప్పించుకుని దిగిపోయాడు.

మేస్త్రి కుక్కిన గుడ్డపీలికలతో ఆ జల్లెడ ఇంకా తేలుతూనే ఉంది. తెడ్డు నీళ్ళలో చప్పుడు కాకుండా దించుతూ, మడుగు దారిలోకి మళ్ళాడు. రెండు పక్కలా జమ్ము పడవని రాసుకుంటోంది. దీపం లేదు, చప్పుడు లేదు. హమ్మయ్య అనుకున్నాడు. కథలే, అన్నీ కథలే.

వల దించాడు. దించుతుంటేనే తెలిసింది, కింద చేపలు ఎంత దట్టంగా ఉన్నాయో. వల నీళ్ళలోకి దిగట్లేదు, చేపల మీద ఆనుతోంది. ఒళ్ళు పులకరించింది. కొత్త పడవ కళ్ళ ముందు కదిలింది.

అప్పుడు దిగింది మంచు.

ఎక్కడి నుంచో కాదు, జమ్ములోంచే లేచినట్టు, తెల్లగా, గబగబా. ముందు జమ్ము మాయమైంది. తర్వాత పడవ ముక్కు. తర్వాత తన చేతులు.

వల లాగబోయాడు. రాలేదు. జమ్ము వేళ్ళకి చుట్టుకుంది. పడవ అటూ ఇటూ ఊగింది తప్ప కదల్లేదు.

మంచులో ఒక చోట... పసుపు మరక.

టక్... టక్...

చిన్నోడు వల వదిలేశాడు.

— టక్.

తమ ఇంటి దెబ్బ. అనుమానం లేదు. కానీ మూడోది గట్టిగా రావాలి, రాలేదు. మెత్తగా ఉంది, అలిసిపోయిన చేతి దెబ్బలా. చచ్చినవాళ్ళకి కూడా అలుపుంటుందా?

మరక పెద్దదైంది. చప్పుడు దగ్గరైంది.

దూకేద్దామనుకున్నాడు. ఎటు దూకాలో తెలియలేదు. మళ్ళీ ఆ దెబ్బ. మళ్ళీ. అడుగుతున్నట్టుంది. ఎవరన్నా ఉన్నారా... ఎవరన్నా ఉన్నారా... ఆ రాత్రి గుమ్మంలో నిలబడి విన్నది ఇదే. ఇన్నేళ్ళుగా దుప్పటి ముసుగులో విన్నదీ ఇదే. ఒక్కసారిగా భయం పోయి దుఃఖం ముంచుకొచ్చింది. తెడ్డు ఎలా ఎత్తాడో అతనికే తెలియదు.

పడవ అంచు మీద కొట్టాడు. రెండు నిదానంగా, కాస్త ఆగి, మూడోది గట్టిగా.

అవతలి చప్పుడు టక్కున ఆగిపోయింది.

మంచులో ఏమీ వినబడలేదు... చాలాసేపు. తర్వాత ఎవరో వెక్కి వెక్కి ఏడుస్తున్న చప్పుడు. దెయ్యం ఏడుపు కాదది. మనిషి ఏడుపు.

మంచులోంచి పడవ ముక్కు బయటికొచ్చింది, తారు వాసనతో. లాంతరు వెనక పెద్దోడి పాత కోటు. కోటులో వదిన.

"ఎవరూ?" అంది, లాంతరు ఎత్తి. "చిన్నా... నువ్వా?"

"వదినా!"

"ఒక్కళ్ళన్నా కొడతారని..." అంది, కోటు చేతితో మొహం తుడుచుకుంటూ. "ఇన్నేళ్ళకి ఒక్కళ్ళు కొట్టారు."

చిన్నోడు పడవ అంచు పట్టుకుని కూలబడ్డాడు. "ఇన్నేళ్ళూ... నువ్వేనా?"

"నేనే. మొదటి ఏడు పగతోనే వచ్చాను నాయనా, అబద్ధమెందుకు. ఒక్క ఇంట్లోనూ ఒక్కడూ నిద్రపోకూడదని కొట్టాను. చేతులు బొబ్బలెక్కేలా కొట్టాను. ఎవరన్నా వస్తారు, కనీసం తిట్టడానికైనా వస్తారనుకున్నా. రాలేదు. వలలు వదిలేసి పారిపోయారు." ఆమె లాంతరు కిందికి దించింది. "ఆ తర్వాత ఒకరోజు నీళ్ళలోకి చూశాను. నువ్వూ చూడు."

చూశాడు. జమ్ము మొదళ్ళ మధ్య, ఒకదాని మీద ఒకటి, బరువైన పొట్టలతో చేపలు. వేళ్ళకి ఒళ్ళు రాసుకుంటూ, గుడ్లు వదులుతూ. మనిషిని చూసి బెదరట్లేదు. తన వల వాటి మీద దుప్పటిలా పరుచుకుని ఉంది.

"ఆయన అడిగింది ఇదే కదరా. ఈ కాస్త చోటు, ఈ కాస్త కాలం. మనిషై అడిగితే నవ్వారు. దెయ్యమై అడిగితే ఇచ్చారు." పెద్దోడి కోటు దగ్గరికి లాక్కుంది. "అందుకని నా మొగుణ్ణి నేనే దెయ్యాన్ని చేశాను. చీమని తొక్కడానికి జంకే మనిషి. ఆయన పేరు చెప్పి పిల్లల్ని దడిపిస్తుంటే, పక్కనే కూర్చుని వలలు అల్లుతూ వింటాను. కాదురా, మంచోడురా అనడానికి లేదు. అంటే చేపలు పోతాయి."

ఇన్నేళ్ళుగా లోపల దాచుకున్నది చిన్నోడి నోట బయటికొచ్చింది. "ఆ రాత్రి నేను తెడ్డు పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాను వదినా. కొట్టలేదు."

"తెలుసు. మీ ఇంటి దెబ్బ కోసమే చెవులు రిక్కించుకుని ఉన్నాను." లాంతరు పడవ అంచు మీద పెట్టింది. "నాకింకో భయముంది చిన్నా. ఎవరితోనూ అనలేదు. ఒంటరి చప్పుడు దిక్కు చెప్పదు కదా. నా ఒక్కదాని చప్పుడు విని... దాన్ని పట్టుకునే వచ్చి... ఈ జమ్ములో పడ్డాడేమో. నేనూ ఊరుకునుంటే బతికేవాడేమో."

"లేదు వదినా, లేదు" అన్నాడు చిన్నోడు. చీకట్లో ఇద్దరూ ఏడ్చారు.

తర్వాత అతనే కత్తి తీశాడు. ఐసు లారీ ఆయన వలని ముక్కలు ముక్కలుగా కోసి, జమ్ము వేళ్ళ నుంచి విడిపించి, పడవలోకి లాగేశాడు. అన్న కూడా ఇలాగే వంగి, ఇలాగే కోసి ఉంటాడనిపించింది.

"నీ పడవ జల్లెడైందటగా. మేస్త్రి చెప్పాడు" అంది వదిన, వెళ్ళబోతూ. "పగలు ఇది తీసుకెళ్ళు. ఈ నెలల్లో రాత్రిళ్ళు మాత్రం నాకు వదిలెయ్."

ఐసు లారీ ఆయన ఖాళీగా పోయాడు. దెయ్యం వల చింపేసిందని చిన్నోడు చెప్పాడు, ఆ మాట పూర్తిగా అబద్ధం కూడా కాదు. అన్న పడవలో వేటకి పోవడం మొదలుపెట్టాడు. వదిన దగ్గర కాఫీ ఇప్పుడు గొంతు దిగేది.

ఎంతో కాలం కాదులెండి. ఆ చలికాలం ఆమెకి దగ్గు పట్టుకుంది. రాత్రిళ్ళ మంచు ఊరికే పోతుందా. వలసూది చేతిలో ఉండగానే, సగం అల్లిన వల ఒళ్ళో ఉండగానే పోయింది. చివరింటికి తాళం పడింది.

గుడ్ల నెలలు దగ్గరపడ్డాయి. చిన్నోడికి ఏం చెయ్యాలో తోచలేదు. చప్పుడు లేకపోతే జనం మడుగులోకి దూరతారు. రహస్యం విప్పితే వదిన ఇన్నేళ్ళ కష్టం నవ్వులపాలవుతుంది. మింగలేక కక్కలేక, చివరికి పడవల మేస్త్రి దగ్గరికి పోయి తలుపు మూసి చెప్పాడు.

"మామా... మడుగులో దెయ్యం లేదు. వదిన."

మేస్త్రి చిత్రిక పట్టడం ఆపలేదు. "ఊఁ" అన్నాడు.

"ఊఁ ఏంటి మామా? ఇన్నేళ్ళూ కొట్టింది వదిన!"

"మొదటి రాత్రే తెలుసురా. మీ అన్నది మూడోది గట్టి దెబ్బ. ఆమెది మెత్తన." చిత్రిక పక్కన పెట్టాడు. "నాకే కాదు, రేవంతా ఎరుగుదుం. తెలియంది నీకొక్కడికే. నీకు చెప్పే మొహం ఎవరికుంది?"

"మరి... పారిపోయేవాళ్ళు? ఆ కథలు?"

"దెయ్యానికి భయపడి కాదురా. ఎదురుపడితే ఆమె మొహంలోకి ఎలా చూడాలి? మేం కొట్టాల్సిన జవాబు మేం కొట్టలేదు. కాబట్టి ఆమె అడిగిన చోటు ఆమెకి వదిలేశాం. పిల్లలకి కారణం చెప్పాలి కదా... మేం చేసింది చెప్పలేక, దెయ్యమని చెప్పాం." మేస్త్రి కళ్ళు తుడుచుకున్నాడు. "ఒక్కసారి జవాబు కొడితే పోయేది. సిగ్గు... చెయ్యి లేవలేదురా."

చిన్నోడు పక్కనున్న తెడ్డు అందుకున్నాడు. "ఈ రాత్రి నేను వెళ్తాను" అన్నాడు లేస్తూ.

వెళ్ళాడు. అన్న పడవలో, అన్న కోటు వేసుకుని, వదిన లాంతరు పెట్టుకుని. మడుగు దారి మొదట్లో పడవ నిలిపేసరికి మంచు మొత్తం కమ్మేసింది. కింద అప్పుడే వచ్చిన చేపలు పడవ అడుగుని రాసుకుంటున్నాయి.

తెడ్డు ఎత్తి కొట్టాడు. రెండు నిదానంగా, కాస్త ఆగి, మూడోది.

ఏమీ లేదు.

మళ్ళీ కొట్టాడు. చేతులు చల్లబడ్డాయి. అన్న ఇలాగే ఎదురుచూశాడు కదా అనుకున్నాడు. ఇంత చీకట్లో, ఇంత సేపు...

అప్పుడు ఒడ్డు నుంచి ఒక దెబ్బ వచ్చింది. మేస్త్రి ఇంటిది.

దాని పక్క నుంచి ఇంకొకటి. అది షెడ్డులో "మీ నాన్నదా" అని నవ్వినవాడి ఇంటిది. వాడు లేడు, కొడుకు కొడుతున్నాడు. ఆ పక్క ఇంకొకటి. ఇంకొకటి. తన ఇంటి దెబ్బ కూడా వచ్చింది. పెళ్ళాం కొడుతోంది, గబగబా, ఏడుస్తూ కొడుతున్నట్టు. ఇల్లిల్లూ దాటుకుంటూ ఆ చప్పుడు సాగింది. మంచులో ఏమీ కనబడకపోయినా ఒడ్డు ఎక్కడ మొదలైందో, ఎక్కడ మలుపు తిరిగిందో చిన్నోడి చెవికి స్పష్టంగా కనిపించింది. తెడ్డు ఒళ్ళో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

వరస చివర ఒక్క ఇల్లు మిగిలింది. తాళం వేసిన ఇల్లు. అక్కడ చప్పుడు ఆగింది.

ఆగిన ఆ నిశ్శబ్దంలో... వెనక నుంచి... మడుగు లోపలి నుంచి...

టక్... టక్...

కాస్త ఆగి — గట్టిగా, టక్.

చిన్నోడు వెనక్కి తిరగలేదు. తెడ్డు ఎత్తాడు. ఈసారి క్షణం కూడా ఆలస్యం చెయ్యలేదు. జవాబు కొట్టాడు.

దూరంగా, తాళం వేసిన చివరింటి రేవు గుంజ మీద కూడా ఎవరో కొట్టారు. రెండు నిదానంగా, కాస్త ఆగి, మూడోది మెత్తగా.

ఆ దారి ఒక పడవకే పడుతుంది. చిన్నోడు లాంతరు వెలుగు తగ్గించి, తన పడవని పక్కనున్న జమ్ములోకి ఒత్తిగిలేలా నెట్టి, దారి ఇచ్చాడు.